మళ్లీ పడిన బొమ్మ

సూర్యాపేటలో ఆ రోజు హాలంతా నవ్విన నవ్వు స్వప్న చెవుల్లోంచి ఇంకా పోనేలేదు.

'సర్వీస్ రోడ్డు' ఆమె తీసిన మొదటి సినిమా. కూలికి పోయే మగవాళ్ల పేరు మీద వాళ్లకు అర్థం కాకుండా బీమా చేయించి, ఆ తర్వాత హైవే పక్కన చంపి, యాక్సిడెంటని నమ్మించి, బీమా డబ్బు కాజేసే ఒక ముఠా కథ. అందులో భర్తను పోగొట్టుకున్న అంజమ్మ పోలీసు స్టేషనుకు వెళ్లి, "సారూ, మా ఆయనకు బండి నడపరాదు సారూ" అంటుంది. మరి బండి మీంచి ఎట్లా పడ్డాడమ్మా అని పోలీసాయన వెటకారమాడతాడు. ఆ సీను రాస్తున్నప్పుడు స్వప్న ఏడ్చింది. మొదటి ఆటకు వచ్చినవాళ్లు మాత్రం ఆ పోలీసాయనతో పాటే గొల్లున నవ్వారు.

ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. బండి స్టార్ట్ కాకపోయినా, ఎవడైనా బురదలో జారిపడినా, అంజమ్మ మాటకు పెదవులు కలిపి రీళ్లు చేశారు. యూట్యూబులో సినిమాల గురించి చెప్పే ధర్మేందర్ థియేటరు మెట్ల మీదే నిలబడి, "పాలసీ కోసం కూలోణ్ని సంపుతరా? మన దిక్కు గిసొంటియి ఎన్నడన్న ఇన్నమా? జర నమ్మేటట్టు తియ్యాలె కదా డైరెక్టరమ్మా" అన్నాడు. ఆ వీడియోను చూసినంత మంది సినిమాను చూడలేదు. వారం తిరక్కుండానే అన్ని ఊళ్లలోనూ ఎత్తేశారు. స్వప్న సూర్యాపేటలోని స్టూడియోకు తిరిగి వెళ్లి, ఎప్పటిలాగే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ కూర్చుంది.

కొన్ని నెలల తర్వాత పేపర్లలో ఒక వార్త వచ్చింది. పాలకీడు దిక్కున, మాడుగులపల్లి దగ్గర, పెన్‌పహాడ్ పోయే దారిలో, గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని రాసి మూసేసిన చావులు యాక్సిడెంట్లు కావట. హత్యలట. ఒక ముఠా దొరికింది. బీమా ఏజెంటు, బండి నడిపినవాడు, కల్లు తాపించి తీసుకొచ్చినవాడు, అందరూ ఆ చుట్టుపక్కలవాళ్లే.

స్వప్న ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టింది. టీ తాగలేకపోయింది.

మరునాడు కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ థియేటరు నడిపే శ్యాంసుందర్.

"స్వప్నమ్మా, బొమ్మ మళ్లీ వేస్తున్నాను. ఆదివారం మ్యాట్నీకి నువ్వు రావాలి. ఆ అంజమ్మగా వేసిన టీచరమ్మని కూడా తీసుకురా."

"వద్దు సార్. ఎవరో చచ్చిపోయిన్రని మన సినిమా నడుసుడేంది? నాకు మంచిగ అనిపిస్తలేదు."

"నాకు మాత్రం బాగుందా? జనం అడుగుతున్నారమ్మా. పొద్దున్నించి ఒకటే ఫోన్లు. ఆ సినిమా ఏదీ, ఎక్కడ ఆడుతోంది అని. అడిగినవాళ్లకి లేదని నేనెట్లా చెప్పను?"

ఆ సాయంత్రం స్వప్న టీచరమ్మకు ఫోన్ చేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం ఆమె బస్సు దిగి థియేటరు సందులోకి తిరిగేసరికి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. గేటు బయట దాకా జనం. చద్దరు కప్పుకున్న ముసలివాళ్లు, పొలం పని మధ్యలో వదిలేసి వచ్చినట్టు కాళ్లకు మట్టితో ఉన్న మగవాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. ఈ సినిమాకు ఆడవాళ్లు రారని మొదట్లో పంపిణీదారులు తేల్చి చెప్పారు. ఇప్పుడు సగానికి సగం వాళ్లే ఉన్నారు. ఈలలు లేవు, కేకలు లేవు. దవాఖాన ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

తార అప్పటికే మేనేజరు గదిలో కూర్చుని ఉంది. మిర్యాలగూడలో ఒక స్కూల్లో తెలుగు చెబుతుంది. అంతకుముందు స్కూలు వార్షికోత్సవాల్లో తప్ప ఎక్కడా నటించలేదు. స్వప్న బతిమాలితే అంజమ్మ వేషం వేసింది. సినిమా విడుదలైన వారంలో ఆమె క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక బెంచీల్లోంచి పిల్లలు, "సారూ, బండి నడపరాదు సారూ" అన్నారు. ఆమె ఆ సంగతి స్వప్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

"వచ్చినవా?" అంది తార. "గింత మంది వచ్చిన్రు స్వప్నా. ఇయ్యాల గూడ నవ్వితే నేను లేసి పోత."

"నవ్వితే ఇద్దరం కలిసే పోదాం టీచర్."

గది గుమ్మంలో ధర్మేందర్ నిలబడ్డాడు. చేతిలో మైకు ఉంది గాని దాన్ని వీపు వెనక దాచుకున్నట్టు పట్టుకున్నాడు.

"మేడం, ఒక్క మాట. మీకు ముందే ఎట్ల తెలిసింది? జనం అందరు గదే అడుగుతున్నరు."

"నాకేం తెలియదు," అంది స్వప్న. "సూర్యాపేట నుంచి కోదాడకు రోజూ బస్సుల పోయేటోళ్లకు తెలిసినంతనే నాకు తెలుసు. పొద్దున పేపర్ల లోపలి పేజీల యాక్సిడెంటు వార్త సదువుత. సాయంత్రం గదే జాగల బస్సు కిటికీలకెల్లి సూస్త. పోయినోడు ఎవరు, ఆ టైముల గాడ ఎందుకున్నడు అని ఎవరూ అడగరేంది అనుకున్న. గంతే."

"నేను గా వీడియో తీసేస్త మేడం."

"తియ్యకు. ఉండనీ. అప్పుడు మనం ఎట్లున్నమో తెలుస్తది."

అతను తల దించుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.

*

లైట్లు ఆరాయి. బొమ్మ పడింది.

స్వప్న వెనక వరసలో, తలుపు పక్కన, తారతో కలిసి కూర్చుంది. కంటికి తెర కంటే ముందు జనం తలలే కనిపిస్తున్నాయి. మొదట ఏజెంటు వస్తాడు. మోటారు సైకిలు దిగి, పిల్లలకు బిస్కెట్లు పంచి, ముసలివాళ్లను పలకరించి, అందరితో వరస కలుపుతాడు. తమాషా మనిషి. సూర్యాపేటలో అతను తెర మీదికి రాగానే ఈలలు వేశారు. "ఏలుముద్ర ఎయ్యి మామా, నీ ఇంటికి నేనే దిక్కు" అంటే పడీపడీ నవ్వారు. కుర్రవాళ్లు ఆ మాటను ఫోన్ల రింగుటోనుగా కూడా పెట్టుకున్నారు.

ఇప్పుడు అతను బిస్కెట్లు పంచుతుంటే హాల్లో చిన్న అలికిడి కూడా లేదు. ముందు వరసల్లో ఒక పెద్దాయన తెర మీది కూలీతో మాట్లాడుతున్నట్టు, "వద్దుర అయ్యా, ఎయ్యకు," అన్నాడు మెల్లగా. ఆ మాటకు ఎవరూ తిరిగి చూడలేదు. అందరి మనసులోనూ అదే ఉంది.

అంజమ్మ స్టేషను మెట్లెక్కింది. తార స్వప్న చెయ్యి పట్టుకుంది. 

"సారూ, మా ఆయనకు బండి నడపరాదు సారూ."

తెర మీద పోలీసాయన నవ్వాడు. ఆ నవ్వు ఒక్కటే హాలంతా తిరిగి, దానికి తోడు దొరక్క ఆగిపోయింది. ఎక్కడో ఒక ఆడమనిషి ముక్కు చీదింది. ఆ పక్కన ఇంకొకామె కొంగు నోట్లో కుక్కుకుంది. సినిమా విడుదలైన వారంలో, ఈ సీను మరీ పొడుగైంది, కత్తిరించి ఉండాల్సిందని స్వప్న తన్ను తాను తిట్టుకుంది. ఇప్పుడు అదే సీను కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయినట్టనిపించింది. తను ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఆ రోజు జనం ఒక కట్టుకథ చూశారు, ఇవాళ తమ పక్కింటి కథ చూస్తున్నారు.

తార చెయ్యి వదల్లేదు. వదలకుండానే నిశ్శబ్దంగా ఏడుస్తోంది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న రోజులన్నీ ఆ ఏడుపులో కరిగిపోతున్నాయని స్వప్నకు తెలుస్తూనే ఉంది.

*

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాక శ్యాంసుందర్ హడావుడిగా వచ్చాడు.

"స్వప్నమ్మా, ఎవరో ఆవిడ నీకోసం అడుగుతోంది. నా గదిలో కూర్చోబెట్టాను. ఓసారి రా. టీచరమ్మా, మీరు కూడా."

గదిలో నలభై అయిదేళ్లుంటాయేమో, ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఆమె కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడి ఉంది. వీళ్లు రాగానే స్వప్నను చూడలేదు. నేరుగా తార దగ్గరికి వచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వేనా?"

"నేనే అమ్మా. వేషం వేసిన," అంది తార.

"నా పేరు పద్మమ్మ. పాలకీడు మండలం. మా ఆయన సైదయ్య."

 పేపర్లో అచ్చయిన పేర్లలో సైదయ్య పేరు స్వప్న చదివింది. బండి పక్కన దొరికిన మనిషి అని రాశారు.

"అక్కా, కూసో," అంది కుర్చీ ముందుకు జరిపి.

"కూసోను. నిన్నొకటి అడగాలె. నువ్వేనా ఇది రాసింది? నీకు ఎరుకేనా మాకు గిట్ల జేస్తున్నరని? ఎరుకుండి సినిమా తీసినవా, సెప్పకుంట?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని స్వప్న వార్త చదివిన రోజు నుంచీ భయపడుతూనే ఉంది. అడగాల్సిన మనిషే అడిగింది.

"ఎరుక లేదక్కా. ఒట్టు. పేపర్ల యాక్సిడెంట్లు సదివి, గిట్ల అయితే ఎట్ల అని మనసుల అల్లుకున్న. నిజంగ అయితుందని తెలిస్తే సినిమా తీద్దునా? స్టేషను ముందట కూసుందును."

పద్మమ్మ ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, పరీక్ష ఉందో తెలియలేదు. చివరికి ఆమె నిట్టూర్చి కుర్చీలో కూర్చుంది.

"గట్లనే అనుకున్న. కని అడగకుంటే నా పానం ఊకోదు."

శ్యాంసుందర్ మంచినీళ్లు అందించాడు. ఆమె తాగలేదు, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

"గీ సినిమా నేను సూసిన. మొదట ఏసినప్పుడే సూసిన," అంది.

"ఎక్కడక్కా?"

"గీడనే. నా బిడ్డను కోదాడ దవాఖానకు తీస్కొచ్చిన. డాక్టరు సాయంత్రం వస్తనన్నడు. బైట ఎండ. లోపల సల్లగ ఉంటది అమ్మా, కూసుందాం అన్నది నా బిడ్డ. ఏ సినిమానో గూడ సూడలే. పది మంది గూడ లేరు. ఇగ నువ్వు స్టేషన్‌కు పోయినవ్," అంటూ తార వైపు తిరిగింది. "మా ఆయనకు బండి నడపరాదు అన్నవ్. నాకు ఒళ్లు జల్లుమన్నది. మా సైదయ్యకు సైకిల్ గూడ రాదమ్మా. చిన్నప్పుడు పడి కాలు ఇరిగింది, ఇగ ఎన్నడు ఎక్కలే. గా మనిషి మోటరు సైకిల్ మీదికెల్లి పడి సచ్చిండని రాసిన్రు. తాగి ఉన్నడు అన్నరు. ఎవరి బండో తీస్కపోయిండు అన్నరు. నేను నోరు మూస్కున్న. నాదేందో పొరపాటు అనుకున్న."

"హాల్ల నవ్విన్రు కదా, ఆ సీనుకు," అంది తార సన్నగా.

"నవ్విన్రు. నా ఎనక కూసున్న పోరగాండ్లు సీట్లు తన్నుకుంట నవ్విన్రు. నేను స్టేషన్‌కు పోయినా గిట్లనే నవ్వుతరు అనుకున్న. మల్ల నిన్ను సూసిన. నువ్వు వాళ్లు నవ్వినా ఆడనే నిలబడ్డవ్. కదలలే. ఆయన ఫో అన్నా కదలలే. ఇగ నాకు కూసోబుద్ధి కాలే. బిడ్డను లేపుకొని బైటికొచ్చిన. దవాఖానకు పోలే. బస్సెక్కి నేరుగ మా దిక్కు స్టేషన్‌కు పోయిన."

 బయట సమోసాలు అమ్ముతున్నవాడి కేక వినిపించింది.

"నవ్విన్రా?" అని అడిగింది స్వప్న.

"నవ్విన్రు. మల్ల పోయిన. మల్ల నవ్విన్రు. ఇగ కొత్తగ ఒక ఎస్సై మేడం వచ్చింది. గామె నవ్వలే. కూసోమని కుర్సీ ఏసింది. సైకిల్ గూడ రానోడు బండెట్ల నడిపిండు అని గామెనే మల్ల నన్ను అడిగింది. ఆడికెల్లి తీగ లాగితే గిదంత బైటికొచ్చింది. పేపర్ల నా పేరు రాలే. రాకపోతే రాకపాయె."

స్వప్న గోడకు ఆనుకుంది. ఇన్ని రోజులూ తను ఒక బరువు మోస్తోంది. ఊళ్లో చావులు తన సినిమాను బతికించాయన్న బరువు. ఈ మనుషుల కష్టం మీద నిలబడి చప్పట్లు అందుకుంటున్నానన్న సిగ్గు. తీరా చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. అందరూ నవ్విన సినిమాను, ఖాళీ హాల్లో, నవ్వకుండా చూసిన ఒకే ఒక్క మనిషి లేచి వెళ్లింది. ఆ ఒక్కామె నడిచిన నడకే ఈ రోజు ముఠాను జైలు దాకా తీసుకెళ్లింది.

తార పద్మమ్మ ముందు నేల మీద కూర్చుంది.  ఆమె మోకాళ్ల మీద తల ఆనించింది. పద్మమ్మ ఆ తల మీద చెయ్యి వేసి, "ఊకో బిడ్డా. నువ్వు మంచిగ జేసినవ్," అంది.

బెల్లు మోగింది.

"నేను సగంల లేసి పోయిన కదా," అంది పద్మమ్మ లేస్తూ. "మిగిలింది సూడలే. ఏమైతదో సూద్దామని వచ్చిన ఇయ్యాల."

*

రెండో సగం ముగ్గురూ పక్కపక్కన కూర్చుని చూశారు. చివర్లో అంజమ్మ ఊరూరూ తిరిగి, తనలాగే భర్తల్నీ, కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్లను కలుపుకుని స్టేషనుకు నడుస్తుంది. సర్వీస్ రోడ్డు మీద ఆడవాళ్ల వరస. పక్కన హైవే మీద లారీలు దూసుకుపోతుంటాయి. వీళ్లు మాత్రం ఆగరు.

సూర్యాపేటలో ఈ సీను వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. ఇవాళ వెనకెక్కడో ఒక సీటు చప్పుడైంది. ఎవరో లేచి నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. వెళ్లిపోవడానికి కాదు. చూస్తుండగానే హాలు హాలంతా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెర మీది ఆడవాళ్లు స్టేషను గుమ్మం దాటిన తర్వాత మాత్రం చప్పట్లు మొదలై, పేర్లు పడటం అయిపోయినా ఆగలేదు. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు మోత.

లైట్లు వెలిగాయి. శ్యాంసుందర్ తెర ముందుకు స్వప్నను లాక్కొచ్చాడు. ఆమె ఒక్కతే రాలేదు, పద్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది.

"ఈ సినిమా నేను తీసిన," అంది స్వప్న. మైకు అవసరం రాలేదు, హాలు అంత నిశ్శబ్దంగా ఉంది. "కని దొంగల్ని పట్టించింది నేను కాదు, సినిమా కాదు. పాలకీడు దిక్కు నుంచి వచ్చిన పద్మమ్మక్క. మనమందరం నవ్విన రోజు గామె నవ్వలే. స్టేషన్‌కు పోయింది. మీరు సప్పట్లు కొట్టాలంటే గామెకు కొట్టున్రి."

ఈసారి చప్పట్లకు గోడలు అదిరాయి. పద్మమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడింది. తల మాత్రం దించలేదు.

"నేను ఒక్కదాన్నే పోయిన," అంది, తెర వైపు చూపిస్తూ. "అండ్ల లెక్క అందరం పోతే బాగుండు."

జనంలోంచి ఒకామె ముందుకు వచ్చింది. మెడలో చిన్న సిలువ. "నా పేరు సారమ్మ, పెన్‌పహాడ్. మా తమ్మునిది గూడ గట్లనే రాసిన్రక్కా. రేపు నేనొస్త నీ ఎంబడి." ఆ మాట పూర్తి కాకముందే మరో ఇద్దరు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు. తర్వాత ఇంకెవరో. ముందు వరస సీట్లకూ తెరకూ మధ్య ఉన్న ఆ ఇరుకు జాగా ఆడవాళ్లతో నిండిపోయింది. తార వాళ్ల మధ్య నిలబడి ఒక్కొక్కరి ఊరూ పేరూ అడుగుతోంది, క్లాసులో పిల్లల్ని అడిగినట్టే. 

నవ్వించాలని తీసిన సినిమా కాదు, ఏడిపించాలని తీసిందీ కాదు. తను ఎందుకు తీసిందో స్వప్నకు ఇప్పుడు అర్థమైంది.

జనం బయటికి కదులుతుండగా పద్మమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"అందర్ని పట్టుకున్నం అంటున్నరు గని, అసలోడు దొరకలే. ఎనకుండి నడిపించినోడు. వాడెవడో పోలీసోళ్లకు గూడ తెల్వదంట. ఒక్కడు సూసిండు. బైట ఆటోల ఉన్నడు. జనంలకు రాడు, భయం. సినిమా తీసినామెకైతే సెప్త అన్నడు. రా."

థియేటరు గేటుకు ఎదురుగా వేపచెట్టు నీడలో ఆటో ఆగి ఉంది. లోపల ముప్పై ఏళ్ల మనిషి, తువ్వాలు ముఖం చుట్టూ చుట్టుకుని ఉన్నాడు. ఎడమ చెవి నుంచి మెడ దాకా కుట్ల మచ్చ.

"ఈన పేరు హన్మా," అంది పద్మమ్మ. "తండా పిల్లగాడు. సచ్చిండనుకొని కాల్వ కట్ట మీద పడేసి పోయిన్రు. బతికిండు."

"నమస్తే అక్కా," అన్నాడు హన్మా. "నన్ను బండి ఎక్కించేటప్పుడు కార్ల ఒకాయన కూసున్నడు. దిగలే. అద్దం దించి ఒక్కపాలి నన్ను సూసి, ఈనేనా, సరే అన్నడు. గా ముఖం నేను మర్సిపో..."

మాట మధ్యలోనే తెగిపోయింది. అతని చూపు స్వప్న భుజం మీదుగా గేటు వైపు వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. తువ్వాలును కళ్ల దాకా లాక్కున్నాడు. 

"ఎనకకు తిరగకు అక్కా," అన్నాడు గొంతులోనే. "తెల్లంగి. గాయనే."

స్వప్న తిరగలేదు. ఫోను తీసి, మొహం చూసుకుంటున్నట్టుగా కెమెరాను తన వైపు తిప్పుకుని కొద్దిగా పైకెత్తింది. అందులో ఆమె చెంప పక్కనే థియేటరు గేటు కనిపించింది. బయటికి వస్తున్న జనం, వాళ్ల మధ్య మైకు పట్టుకుని ధర్మేందర్. ఆ మైకు ముందు ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా మనిషి ఒకాయన చేతులు జోడించి, ఇంత మంచి సినిమాను జనం మొదట్లోనే అర్థం చేసుకోలేకపోయారని బాధపడుతూ చెబుతున్నాడు.